ఒళ్ళో కుదురుగా కూర్చునే పిల్లి

మా వైపు పిల్లిని ఎవరూ కొని తెచ్చుకునేవారు కాదు. ఆవును కొంటారు, ఎద్దును కొంటారు, సంతలో కోడిపెట్టను గంటసేపు బేరమాడి కొంటారు. పిల్లి మాత్రం తానే వస్తుంది. గాదెలో రాగులుంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకాల పిల్లి వస్తుంది. అటక మీద ఈనుతుంది. పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది. వాటిలో ఒకటో రెండో మన ఇంట్లో నిలిచిపోతాయి. నల్లపిల్లి, ఎర్రపిల్లి, చారలపిల్లి అని రంగుతో పిలవడమే తప్ప అది ఏ జాతి అని అడిగినవాళ్ళు లేరు. పిల్లి పిల్లి జాతే!

ఆ ప్రశ్న ఇప్పుడు మా ఇంట్లో పుట్టింది. దానికి కారణం మా అత్త.

ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. మామ పోయాక ఊళ్ళో ఇంటికి తాళం వేసి హోసూరులో మా దగ్గరికి వచ్చింది. వచ్చిన ఏడాదే స్నానాలగది గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో నడుస్తోంది. గుండె లయ తప్పుతోందని డాక్టరు రక్తం పలచగా ఉంచే మాత్ర రాశాడు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు చిన్న గీత పడినా రక్తం ఒకపట్టాన ఆగదు. చేతుల మీద చర్మం చూస్తే ఉల్లిపొర. అలాంటి మనిషి ఒకరోజు నన్ను పిలిచి, "ఏమ్మా, ఒక పిల్లినన్నా తెచ్చిపెట్టరాదా? ఈ ఇంట్లో సద్దే లేదు" అంది.

ఇంట్లో టీవీ ఉంది, మిక్సీ ఉంది, మూడేళ్ళ మనవడున్నాడు. సద్దుకు కొదవేమీ లేదు. అయినా ఆమె చెప్పిన సద్దు ఏదో నాకు తెలిసింది. ఎనిమిదేళ్ళ మనవరాలు మాట తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తుంది. బడి భాష అది, దాని తప్పు కాదు. అత్తకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆవుతో, పిల్లితో, పెరట్లో కరివేప చెట్టుతో కూడా మాట్లాడుతూ ఉండేది.

మా అబ్బాయి రోజూ బెంగళూరుకు వెళ్ళివచ్చే ఉద్యోగం. వాడు రెండు రోజుల్లో ఒక జాబితా పట్టుకొచ్చాడు. కుటుంబం ఉండే ఇళ్ళకు తగినవి, నెమ్మదైనవి, మనిషిని అంటిపెట్టుకుని ఉండేవి అని చెప్పే పిల్లి జాతులు. పర్షియన్, రాగ్‌డాల్, బ్రిటిష్ షార్ట్‌హెయిర్, బర్మన్, మేన్ కూన్. రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించాడు.

"ఇవి పిల్లుల పేర్లా, ఊర్ల పేర్లా?" అంది అత్త.

"సగం ఊర్ల పేర్లే నాయనమ్మా."

ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. ఎవరు ఏ జాబితా ఇచ్చినా దిద్దబుద్ధి అవుతుంది. పైగా ఇక్కడ నెమ్మది అన్నమాట మాకు అలంకారం కాదు. కాళ్ళకు అడ్డం పడే పిల్లి వస్తే అత్తకు రెండో తుంటి పోతుంది. గోరు గీసే పిల్లి వస్తే ఆసుపత్రి. అందుకని తెలిసిన పశువైద్యురాలిని అడిగాను, దొరికినది చదివాను, అబ్బాయి వెంట వెళ్ళి ఒకటి రెండు ఇళ్ళలో పిల్లుల్ని చూసి వచ్చాను.

మొదట నాకు ఆశ్చర్యం కలిగించినది ఈ జాతుల వయసు. మనిషీ పిల్లీ కలిసి ఉండడం పాత సంగతే. సైప్రస్ ద్వీపంలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో ప్రకటించారు. ఆ గుంత సుమారు 9,500 ఏళ్ళనాటిది. కానీ పిల్లుల్లో జాతులని విడదీసి, కొలతలు రాసి, బహుమతులివ్వడం మొదలై నూటయాభై ఏళ్ళు దాటిందంతే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871 జూలైలో జరిగిన ప్రదర్శనతో ఆ మోజు ఊపందుకుంది. కుక్కల్ని మనిషి పని కోసం వేరుచేశాడు. వేటకు ఒకటి, గొర్రెల మందకు ఒకటి, కాపలాకు ఒకటి. పిల్లుల్ని ఎక్కువగా రూపం కోసమే వేరుచేశాడు. బొచ్చు ఎంత పొడుగు, ముఖం ఎంత గుండ్రం, కళ్ళు ఏ రంగు అన్నవి ముందు. గుణం సంగతి ఆ తరవాత. జాతి పేరు చూసి గుణం కొనుక్కోబోయేవాళ్ళు ఇది మనసులో ఉంచుకోవాలి.

పర్షియన్‌ను బెంగళూరులో అబ్బాయి స్నేహితుడి ఇంట్లో చూశాను. బూడిదరంగు. సోఫా మీద దిండు పక్కన ఇంకో దిండులా పడుకుని ఉంది. మనవడు దగ్గరికి వెళ్ళి తోక పట్టుకున్నా కళ్ళు తెరిచి మూసింది, అంతే. అబ్బాయి నా వైపు చూశాడు, ఇంతకన్నా ఏం కావాలి అన్నట్టు. నాకు మాత్రం గడపలో అడుగుపెట్టినప్పటినుంచీ ఒక చప్పుడు వినబడుతోంది. గురక లాంటిది. అది మేలుకుని ఉన్న పిల్లి ఊపిరి.

తరవాత వైద్యురాలు విడమరిచి చెప్పింది. ముఖం మరీ చదునుగా ఉండాలని తరతరాలుగా ఎంచి కలుపుతూ వచ్చారు. ముక్కు లోపలికి పోయింది, ముక్కురంధ్రాలు ఇరుకయ్యాయి, కన్నీటి నాళం వంకర తిరిగింది. అందుకే ఎప్పుడూ కళ్ళు కారుతూ బుగ్గల మీద మరక. రోజూ దువ్వకపోతే బొచ్చు జడలు కట్టి చర్మం పుండు పడుతుంది. ఇంకోటి, మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు. ఒకప్పుడు పరీక్షించిన పర్షియన్లలో మూడోవంతుకు పైగా ఈ జబ్బు కనబడింది. దానికి కారణమైన జన్యులోపాన్ని 2004లో గుర్తించారు, ఇప్పుడు పరీక్ష ఉంది. ముఖం అంత చదునుగా లేని పాతకాలపు పర్షియన్లు కూడా ఉన్నాయట. ఆ జాతి నిజంగానే నెమ్మదైనది, కాదనను. కానీ నేను చూసిన పిల్లిలో నెమ్మది ఎంత, ఆయాసం ఎంత అన్నది ఆ ఇంటివాళ్ళకు కూడా తెలియదు. హోసూరు కాస్త చల్లని ఊరు. బరంపురంలోనో యానాంలోనో ఉండే పాఠకులు ఎండాకాలంలో అంత బొచ్చుతో ఆ ముక్కుతో ఒక ప్రాణి ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

రాగ్‌డాల్ అంటే గుడ్డబొమ్మ. 1960ల్లో అమెరికాలో కాలిఫోర్నియాలో ఆన్ బేకర్ అనే ఆవిడ తయారుచేసిన జాతి. నీలికళ్ళు, పట్టులాంటి బొచ్చు. ఎత్తుకుంటే చాలావరకు ఒళ్ళు వదిలేసి చేతుల్లో వేలాడుతుందట. ఆ మాట చదివినప్పుడు నాకు మన పెద్దలు చెప్పిన మార్జాల కిశోర న్యాయం గుర్తుకొచ్చింది. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉంటుంది. పిల్లికూన ఆ పనీ చేయదు. తల్లి నోట కరుచుకుంటే కాళ్ళు ముడుచుకుని ఊరుకుంటుంది. భక్తుడు పిల్లికూనలా ఉండాలని తెన్‌గలై వైష్ణవులు, కోతిపిల్లలా ఉండాలని వడగలై వారు శ్రీరంగం కంచి వైపు తరాలపాటు వాదించుకున్నారు. భగవంతుడి చేతిలో ఒళ్ళు వదిలేయడం బాగానే ఉంది. మూడేళ్ళ మనవడి చేతిలో వదిలేస్తే? వాడు నలుపుతాడు, తోక లాగుతాడు, పిల్లి ఓర్చుకుంటుంది. వద్దు అని చెప్పలేని పిల్లి ఉన్న ఇంట్లో పిల్లవాడు చేయి తీయడం ఎలా నేర్చుకుంటాడు? పైగా మగ రాగ్‌డాల్ ఎనిమిది తొమ్మిది కిలోల దాకా పెరుగుతుంది. అత్త ఒళ్ళో అంత బరువు నేను పెట్టలేను. మేన్ కూన్‌కు కూడా ఇదే అడ్డం వచ్చింది, మంచి గుణమే అయినా.

సయామీ పిల్లి సంగతి చెప్పాలి. దాని చెవులు, మూతి, తోక, కాళ్ళు నల్లగా ఉండడానికి కారణం వేడి. రంగు తయారుచేసే పదార్థం ఒంట్లో వెచ్చని చోట పని చేయదు, చల్లని కొసల్లోనే పని చేస్తుంది. చలిదేశంలో పెరిగితే ఇంకా ముదురుతుంది. ఈ ముక్క మనవరాలికి చెబితే వారం రోజులు బడిలో అందరికీ చెప్పింది. ఆ పిల్లి మనిషిని వదలదు, కానీ రోజంతా మాట్లాడుతుంది, అటకలెక్కుతుంది. బర్మీస్ కూడా అంతే, కుక్కలా వెంట తిరుగుతుంది. కర్రతో నడిచే మనిషి వెంట తిరగడమే మాకు భయం. బ్రిటిష్ షార్ట్‌హెయిర్ గంభీరంగా పక్కన కూర్చుంటుంది గాని ఒళ్ళోకి రావడానికి ఇష్టపడదు.

కోడలికి నచ్చినది స్కాటిష్ ఫోల్డ్. ఫొటోలో చెవులు ముందుకు మడిచి గుడ్లగూబలా ముద్దుగా ఉంటుంది. 1961లో స్కాట్లాండులో ఒక పొలంలో కనబడిన సూసీ అనే పిల్లి నుంచి వచ్చిన జాతి. ఆ చెవి మడత మృదులాస్థి లోపం. లోపం చెవిలోనే ఆగదు, కీళ్ళలోనూ ఉంటుంది. చిన్న వయసులోనే కీళ్ళు బిగుసుకుని నొప్పి పెడతాయి. దూకలేదు కాబట్టి కదలదు, కదలదు కాబట్టి నెమ్మదైనదని పేరు! ఇలాంటిదాన్ని డబ్బిచ్చి కొనడం నాకు అన్యాయమనిపించింది. ఆ మాటే కోడలితో అన్నాను. ఫొటో తీసి పక్కన పెట్టేసింది, మళ్ళీ ఎత్తలేదు.

జాతికి గుణంతో సంబంధమే లేదని నేను అనడం లేదు. 2019లో హెల్సింకి విశ్వవిద్యాలయం వారు సుమారు 5,700 పిల్లుల మీద చేసిన పరిశోధన అచ్చయింది. జాతికీ జాతికీ గుణంలో తేడా ఉందనీ, ఆ తేడాల్లో సుమారు సగం పుట్టుకతో వచ్చేదనీ తేల్చారు. మనుషులతో చేరికగా ఉండడంలో బ్రిటిష్ షార్ట్‌హెయిర్ అందులో వెనకబడింది. సరే, సగం పుట్టుక. మరి తక్కిన సగం?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మన పిల్లలకు ఇప్పుడు కామిక్కుల్లో తప్ప తెలియడం లేదు. రాయలవారు ఇంటింటికీ పిల్లినీ, దానికి పాలివ్వడానికి ఆవునూ ఇచ్చారు. రామకృష్ణుడు తన పిల్లికి మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు. ఆ తరవాత పాలగిన్నె చూస్తేనే అది పరుగు. పాలను చూసి పారిపోయే పిల్లి ఏ జాతిలోనూ పుట్టదు. మొదట తగిలిన అనుభవం దాన్ని అలా చేసింది. కథలో ఎగతాళి కోసం చెప్పిన మాట శాస్త్రంలో నిజమైంది. 1980ల్లో అమెరికాలో ఐలీన్ కార్ష్ అనే శాస్త్రజ్ఞురాలు చూపించినదేమంటే, పిల్లికూన పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలగాలి. రోజుకు పావుగంట ఎత్తుకున్న కూనల కంటే నలభై నిమిషాలు ఎత్తుకున్నవి మనిషి దగ్గరికి తొందరగా వచ్చాయి, ఎక్కువసేపు ఒళ్ళో ఉన్నాయి. ఆ వారాలు దాటిపోయాక చేసే మచ్చిక చాలా కష్టం. తండ్రి గుణం కూడా పిల్లలకు వస్తుందని 1995లో ఇంగ్లండులో ఇంకొకరు చూపించారు. తండ్రిని కూన కళ్ళ చూసి ఎరగదు, అయినా ధైర్యం వచ్చేస్తుంది.

ఇది చదివాక జాబితా అబ్బాయికి తిరిగి ఇచ్చేశాను. మాకు కావలసింది జాతి కాదు, మూడు వారాల వయసు.

మా ఊరి చుట్టూ గులాబీ తోటలు. ఒక తోటలో పూలు కట్టలు కట్టే షెడ్డులో ఒక ఆడపిల్లి ఈనింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఎత్తుకుంటే ఊరుకునే తల్లి. అది చూసుకునే నిశ్చయించాను. మూడో వారం నుంచి రోజూ సాయంత్రం మనవరాలూ నేనూ వెళ్ళి ముప్పావుగంట కూర్చునేవాళ్ళం. నేను, పాప, పూలు కట్టే ఆడవాళ్ళు, లోడు ఎత్తే మనిషి, రకరకాల చేతులు తగలనిచ్చాం. "పిల్లి పిల్ల" అని నేనంటే మనవరాలు నవ్వేది. తమిళంలో పిళ్ళై అంటే బిడ్డ కదా, పిల్లిని బిడ్డా అంటున్నానని దాని అనుమానం. నాలుగు కూనల్లో తెలుపు, నలుపు, రాగిరంగు మచ్చలున్నది ఒకటి తనంత తానే పాప పావడా మీదికెక్కి నిద్రపోయింది. పదో వారం నిండాకే ఇంటికి తెచ్చాం. అంతకు ముందే తల్లినుంచి విడదీస్తే కరవడంలో మోతాదు నేర్చుకోదు. ఆ పాఠం తోబుట్టువులే చెప్పాలి.

అత్త చేత్తో తడిమి, "ఆడదే" అంది. మూడు రంగులు చూసి చెప్పింది. నిజమే, రాగిరంగు ఇచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. నలుపూ రాగీ రెండూ ఒకే ఒంటి మీద రావాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. అందుకే అలాంటివి దాదాపు అన్నీ ఆడవే. జన్యుశాస్త్రం ఎరగని మా అత్తకు అది ఎప్పటినుంచో తెలుసు. పేరూ ఆమే పెట్టింది, రాగి. మా వైపు సంగటికి వాడేదీ రాగే, బిందెకు వాడేదీ రాగే.

తిండి దగ్గర ఇల్లు రెండయింది. మాది శాకాహారపు ఇల్లు. పెరుగన్నం పెడితే చాలు, మా ఊళ్ళో పిల్లులన్నీ అది తినే బతికాయి అని మా ఆయన వాదం. పెరుగన్నం అవి మన ఎదుట తిన్నాయి, ఎలుకను చాటున తిన్నాయి. పట్నంలో తలుపులేసిన ఇంట్లో ఆ చాటు లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్ళు సరిపడా తయారుచేసుకోలేదు. అది అందకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో బయటపడింది. పర్షియన్ ముక్కును తప్పుపట్టి, మన మడి కోసం ఈ పిల్లి కళ్ళు తీయడం ఏం న్యాయమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. అత్త మాత్రం "దాని ధర్మం దానిదిరా" అంది కొడుకుతో. ఇప్పుడు వెనక వరండాలో దానికి వేరే గిన్నె, డబ్బాలో వేరే మేత. ఆ గిన్నె కడిగేది నేను.

పడిపోవడం గురించి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2009లో లెక్క చెప్పింది. కుక్కలూ పిల్లులూ కలిసి అక్కడ ఏటా 86 వేలకు పైగా మనుషులు కిందపడి దెబ్బలు తగలడానికి కారణమవుతున్నాయి. అందులో పిల్లుల వాటా చాలా తక్కువ, కానీ సున్నా కాదు. మెడపట్టీకి మువ్వ కట్టాం, ఎక్కడుందో అత్తకు వినబడేటట్టు. రాత్రి అత్త గది తలుపు మూసేస్తాం. పదిహేను రోజులకొకసారి కోడలు దాని గోటి కొనలు కత్తిరిస్తుంది. సాయంత్రం మనవడు తాడు లాగుతూ దాన్ని పరుగెత్తిస్తాడు. అలసిన పిల్లే నెమ్మదైన పిల్లి, ఏ జాతైనా. టీకాలు, ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇంట్లో మాత్రల డబ్బా ఎప్పుడూ మూసి ఉండాలి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది.

ఇంత చేసినా దీపావళి వచ్చింది. రాగి అత్త ఒళ్ళో పడుకుని ఉండగా వీధిలో ఉన్నట్టుండి పెద్ద టపాకాయ పేలింది. గుడ్డబొమ్మ పిల్లయినా ఉలిక్కిపడేదే. నాలుగు కాళ్ళతో తన్నుకుని దూకింది. అత్త ముంజేతి మీద వేలెడు పొడుగు గీత. సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డ పెట్టి నేను నొక్కి పట్టుకున్నాను. గుడ్డ ఎర్రబడుతూనే ఉంది. ఇరవై నిమిషాలు. రక్తం ఆగాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించి తెచ్చాం. ఇంటికి రాగానే మా ఆయన, "రేపు దాన్ని తోటలో వదిలేసి వస్తాను" అన్నారు. నేనూ ఎదురు చెప్పలేకపోయాను, ఆ గుడ్డ ఇంకా బకెట్లో నానుతోంది.

"ఇంట్లో పుట్టిన నీ కొడుకు చిన్నప్పుడు నా పన్ను విరగ్గొట్టినాడు. వాణ్ణి యాడ వదిలేస్తిరి?" అంది అత్త. అప్పటినుంచి ఆమె ఒళ్ళో మందపాటి తువ్వాలు మడిచి పరుస్తున్నాం, చేతులకు పొడుగు చేతుల రవికె. పండగ రాత్రుల్లో రాగికి లోపలి గదిలో చోటు.

ఇప్పుడు దానికి రెండేళ్ళు. మధ్యాహ్నం రెండింటికి తువ్వాలు పరిచే చప్పుడు వింటే ఎక్కడున్నా వస్తుంది. నాలుగింటిదాకా కదలదు. అత్త దానికి ఊరి సంగతులు చెబుతుంది. బడినుంచి వచ్చిన మనవరాలు పక్కన కూర్చుని ఆ సంగతులు తానూ వింటుంది, మధ్యమధ్య "గాదె అంటే ఏంది అవ్వా?" అని అడుగుతుంది. ఎదురింటి ఆమె "పూనై, పూనై" అని ఎంత పిలిచినా రాగి తల తిప్పదు.

జాతిపిల్లే కావాలనుకునే వారిని నేను వద్దనను. కొనేముందు తల్లిని చూపించమనండి, వీలైతే తండ్రిని కూడా. ఊపిరి చప్పుడు వినండి. మూత్రపిండాల పరీక్ష కాగితం, గుండె పరీక్ష కాగితం అడగండి. ఆరువారాల కూనను చేతిలో పెట్టి పంపేవాడి దగ్గర కొనకండి. పుట్టినప్పటినుంచి ఎవరి చేతుల్లో పెరిగిందో అడగండి. బోనులో పెరిగిన పర్షియన్ కంటే షెడ్డులో పదిమంది ఒళ్ళో పెరిగిన నాటుపిల్లి మేలు.

తోటలో రాగి తల్లి మళ్ళీ ఈనిందని కబురొచ్చింది. ఈసారి మూడు కూనలు. మూడో వారం నడుస్తోంది. మనవరాలు సోమవారం నుంచి సాయంత్రాలు నన్ను లేవదీస్తోంది. దీనికి తోడుంటే బాగుంటుందని అత్త కూడా రెండుసార్లు అంది. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.